పొట్టేలు అనని కోడలు

కిందటి వారం కుందుజ్‌ని మనం బిష్కేక్ సదస్సు భవనంలో, చిట్టచివరి స్తంభం వెనకాల, చల్లారిపోయిన ప్లోవ్ పలావు పళ్ళెంతో ఒంటరిగా వదిలిపెట్టాం. ఫోన్లో పేజీ పెట్టి సరుకు అమ్ముకోవడం నేర్పే ఆ రెండురోజుల సదస్సులో మొదటి రోజు ఆమెకు అలాగే గడిచిపోయింది. వేదిక మీద ఎవరేం చెప్పినా అంతా రాసుకుంది. మాట్లాడేవాళ్ళు మధ్యలో మంచినీళ్ళు అడిగినా అదీ రాసేసేలా ఉంది వరస. సాయంత్రానికి చేతి నొప్పి మిగిలింది గాని వచ్చిన పని అంగుళం కూడా కదల్లేదు.

ఆ పని చిన్నది కాదు. కుందుజ్ అత్తగారు ఉల్కాన్ ఊళ్ళో పాత బడి గది ఒకటి అద్దెకు తీసుకుని, చుట్టుపక్కల ఆడవాళ్ళను కూర్చోబెట్టి షిర్దాక్‌లు చేయిస్తుంది. ఒత్తిన ఉన్నిని ముక్కలుగా కోసి కుట్టే తివాచీలవి. సరస్సుకి పోయే పర్యాటకుల బస్సులు ఊళ్ళో ఆగినంతకాలం బాగానే అమ్ముడయ్యాయి. ఊరి బయటినుంచి కొత్త రోడ్డు పడ్డాక బస్సులు అటునుంచి అటే పోతున్నాయి. అప్పుడే కుందుజ్ ఫోన్లో పేజీ తెరిచింది. తెరిచి మూడేళ్ళయినా దాన్ని చూసేది ఆమె పుట్టింటివాళ్ళూ, చదువుకున్నప్పటి స్నేహితురాళ్ళూ, ఇంకెవరూ లేరు.

“ఈ ఒక్కసారి వెళ్ళిరా,” అంది ఉల్కాన్ బస్సెక్కించేటప్పుడు. “అక్కడా ఏమీ తేలకపోతే మంచు పడేలోపు గది తాళంచెవి ఇచ్చేస్తా. ఆడవాళ్ళు ఎవరి దారి వాళ్ళు చూసుకుంటారు. నువ్వు కూడా ఆ ఫోన్ అవతల పడేసి ఆవుల సంగతి చూడు.”

ఇదీ పరిస్థితి. ఇక రెండో రోజు.

పొద్దున్నే కుందుజ్ మళ్ళీ ఆ స్తంభం వెనక్కే పోయి కూర్చుంది. పక్క కుర్చీలో ఎవరో దబ్బున కూలబడ్డారు. చేతిలో టీ పియాలా, రెండో చేతిలో పిడికెడు బోర్సోక్‌లు, నూనెలో వేయించిన పిండి ముక్కలు. నలభై దాటిన మనిషి. తేనె అమ్ముతాడు, తొక్తొగుల్ వైపునుంచి వచ్చాడు. పేరు మెదెర్. నిన్న ఈమె ప్లోవ్ తినకుండా వదిలేసిన సంగతి ఆయన కళ్ళబడింది.

“ఏం చెల్లెమ్మా, ఈ స్తంభం నీ పేరు మీద రాయించుకున్నావా?”

కుందుజ్ సిగ్గుపడి నవ్వింది. “ఇక్కడైతే రాసుకోవడానికి బాగుంటుందన్నా.”

“రాసి ఏం చేస్తావ్?”

“ఇంటికెళ్ళి చదువుకుంటా.”

“చదవవు,” అన్నాడు మెదెర్ బోర్సోక్ నోట్లో వేసుకుంటూ. “నేను చెప్తున్నా విను. ఇక్కడికి రావడం నాకిది మూడోసారి. మొదటిసారి నీలాగే రాసిందే రాత. ఆ కాగితాలు మా తేనె డబ్బాల మధ్య పెట్టుకోవడానికి పనికొచ్చాయి, గలగలలాడకుండా. రెండోసారి పెద్దపెద్దవాళ్ళందరితో ఫొటోలు దిగాను. మా ఆవిడ చూసి, ‘బాగుంది, వీళ్ళలో ఒక్కడైనా తేనె కొన్నాడా?’ అంది. అప్పుడు బుద్ధొచ్చింది. ఈసారి ఒక్క ప్రశ్న పట్టుకుని వచ్చాను. ఒక్కటే. దానికి జవాబు దొరికేదాకా కనబడ్డవాణ్ణల్లా అడుగుతా. టీ దగ్గర అడుగుతా, చేతులు కడుక్కునే చోట అడుగుతా. దొరికితే నా సదస్సు అయిపోయినట్టే. తర్వాత హాయిగా తింటా.”

“మీ ప్రశ్నేంటన్నా?”

“తేనె గడ్డకడితే కల్తీ అనుకుని వాపసు పంపేస్తున్నారు. అది మంచి తేనె లక్షణమని తిట్టకుండా చెప్పడం ఎలా? నిన్న టీ దగ్గర ఒకమ్మాయి చెప్పింది. గడ్డకట్టేదాకా రోజూ ఒక ఫొటో పెట్టమంది, పిల్లాడు పెరుగుతున్నట్టు.” ఆయన ముఖం వెలిగిపోతోంది. “ఇంతమంది మాట్లాడారా, నాకు పనికొచ్చింది ఆ ఒక్క ముక్క. సరే గాని, నీ ప్రశ్నేంటి?”

కుందుజ్ దగ్గర ప్రశ్న లేదు. రాసిన కాగితాలున్నాయి. వాటిని ఒకసారి తిరగేసింది. చివరికి నోట్లోంచి వచ్చింది ఏ కాగితంలోనూ లేని మాట.

“మా పేజీ ఎవరికీ ఎందుకు కనబడదు?”

“అదీ! ఇంక లే.”

“ఎక్కడికన్నా?”

“ఆ రౌషన్ అక్క ఈ పూట పేజీలకి వైద్యం చేస్తుందిగా. పేర్లు అడుగుతున్నారు. నీదీ ఇచ్చేద్దాం.”

“వద్దన్నా, అందరి ముందు…”

“జబ్బు చెప్పకుండా మందు ఎవరిస్తారు, చెప్పు?” అంటూ ఆయన అప్పటికే రెండు వరసలు దాటిపోయాడు.

రౌషన్ అల్మాటీ నుంచి వచ్చిన కజకు ఆవిడ. పొట్టిగా, గుండ్రంగా, మెడలో కళ్ళజోడు తాడుతో, బడిపిల్లల్ని అదిలించే పంతులమ్మలా ఉంటుంది. పెద్దపెద్ద దుకాణాలకు పేజీలు నడిపి పేరు తెచ్చుకుంది. పొద్దుటి కార్యక్రమం ఆవిడది. ఒక్కో పేజీని పెద్ద తెరమీద తెరిచి, అందరి ఎదుటా దాని లోపాలు చెప్తుంది. చివరికి ఒక పేజీని ఎంచుతుంది. ఆ పేజీ మనిషికి మధ్యాహ్నం పెద్ద హాల్లో, హోటళ్ళవాళ్ళూ దుకాణాలవాళ్ళూ కొనడానికి కూర్చునే చోట, మాట్లాడే అవకాశం ఇస్తారు. ఇక్కడికి వచ్చిన సగంమంది వచ్చింది దానికోసమే.

మొదట ఒక కేకుల పేజీ అయింది. తర్వాత మెదెర్ తేనె. రౌషన్ దాన్ని మెచ్చుకుంది, కాకపోతే ప్రతి ఫొటోలోనూ ఆయన బొటనవేలు పడుతోందని నవ్వించింది. ఆ తర్వాత తెరమీద కుందుజ్ పేజీ వచ్చింది.

హాల్లో ఒక్కసారి ‘అబ్బ!’ అని వినబడింది. ఫొటోలు అంత బాగున్నాయి. కుంకుమ రంగు మీద ముదురు గోధుమ, తెలుపు మీద నీలం, వంకీలు తిరిగిన కొమ్ములు, అంచుల్లో జంట దారం కుట్టు. కొండ పక్కన గడ్డిమీద పరిచిన తివాచీ ఒకటి కొండకంటే సజీవంగా ఉంది.

“ఇది ఎవరిది?” అంది రౌషన్ కళ్ళజోడు పెట్టుకుంటూ. “రా అమ్మా పైకి.”

కుందుజ్ వెళ్ళింది.

“ఫొటోలకి వంక పెట్టలేను. నువ్వే తీశావా?”

“అవునక్కా.”

“మరి జనం ఎందుకు రావట్లేదు? చూద్దాం. పేజీ పేరు ‘మా ఊరి తివాచీలు.’ ఏ ఊరు?”

కుందుజ్ నోరు తెరిచి మూసింది. “నారిన్ వైపు అక్కా.”

“నారిన్ వైపు ఊళ్ళు బోలెడు. ఏ ఊరు?”

“సోన్‌కుల్ సరస్సుకి పోయే దారిలో… శనివారం పెద్ద పశువుల సంత జరుగుతుంది చూడండి, ఆ ఊరు.”

హాల్లో కొందరు నవ్వారు. ముందు వరసలోంచి ఎవరో అందించారు: “కొచ్కోరా?”

కుందుజ్ గబగబా తలూపింది.

“కొచ్కోరేనా?” అంది రౌషన్.

“వారు చెప్పిందే.”

“వారు చెప్పింది సరే, నువ్వు చెప్పు.”

“అదేనక్కా.”

ఈసారి నవ్వు పెద్దదయింది. రౌషన్ మాత్రం నవ్వలేదు. ఫొటోల కింద రాసినవి ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది. “‘ఎర్ర తివాచీ, మా అత్తగారు చేసినది.’ అత్తగారికి పేరు లేదా? ‘నీలం తివాచీ, అంచున కుమ్మేవారి కొమ్ములు.’” ఆగింది. మళ్ళీ చదివింది. “కుమ్మేవారి కొమ్ములు. ఎవరమ్మా ఈ కుమ్మేవారు?”

హాలు హాలంతా విరగబడి నవ్వింది. మెదెర్ కూడా నవ్వి, వెంటనే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

“‘మంద ముందు నడిచేవారి కొమ్ము.’ ‘గిరజాల కొమ్ములవారు, పెద్ద సైజు.’ ఇదేమైనా పొడుపుకథల పేజీయా? ఈ నగిషీ పేరు మా అల్మాటీలో పసిపిల్లని అడిగినా చెప్తుంది. నీకు తెలియదా?”

“తెలుసక్కా.”

“మరి రాయవేం?”

కుందుజ్ తల వంచుకుంది. మెడ దాకా ఎర్రబడింది.

వెనక వరసలోంచి గోధుమరంగు కోటు వేసుకున్నాయన లేచాడు. “అక్కా, అంత తవ్వక్కర్లేదు. ఊరు చెప్పదు, చేసినవాళ్ళ పేరు చెప్పదు, నగిషీ పేరు కూడా చెప్పదు. ఇలాంటి పేజీలు బజారులో చాలా చూశాను. ఎవరో చేసిన సరుకుని ఫొటోలు తీసి తమదని పెట్టుకుంటారు. నిలదీస్తే ఇలాగే నిలబడతారు.”

నవ్వులు ఆగిపోయాయి. అందరి చూపులూ మారాయి. ఇప్పటిదాకా వెర్రిదాన్ని చూసినట్టు చూసినవాళ్ళు ఇప్పుడు దొంగని చూసినట్టు చూస్తున్నారు. నవ్వుల్ని భరించిన కుందుజ్ ఈ చూపుల్ని భరించలేకపోయింది. ఉన్నికి రంగు వేసి వేసి గోళ్ళు నల్లబడ్డ అత్తగారి చేతులు, ఆ బడి గదిలో కిటికీ పక్క చోటుకోసం రోజూ పోట్లాడుకునే ఆడవాళ్ళు, అందరూ ఆమె కళ్ళముందు నిలిచారు.

“అది మా మామగారి పేరు!” అని అరిచింది.

మైకు దగ్గరే ఉండటంతో ఆ మాట హాలంతా మోగింది.

“ఏది?”

“ఆ మాట. మీరందరూ అంటున్న మాట. పొట్టే…” నాలుక అక్కడే మడతపడింది. “మా మామగారి పేరు ఆ మాటతోనే మొదలవుతుంది. ఆయన పోయి రెండు చలికాలాలైంది. ఉన్నప్పుడూ అనలేదు, పోయాకా అనలేదు. ఊరి పేరులో ఆయన పేరుంది, కొమ్ము పేరులో ఆయన పేరుంది, నేనేం చెయ్యను? కోడల్ని, మామగారి పేరు నోట పలక్కూడదు. ఎక్కడ ఆ మాట వచ్చినా ఇంకోటి వెతుక్కున్నాను. మర్యాదకి తక్కువ కాకూడదని ‘వారు’ అని రాశాను.”

ఎవరూ నవ్వలేదు. గోధుమరంగు కోటాయన నిలబడాలో కూర్చోవాలో తెలియక ఒక చేత్తో కుర్చీ పట్టుకుని ఉండిపోయాడు. ముందు వరసలో పెద్దావిడ ఒకరు “కొచ్కోర్‌బాయ్ అయుంటాడు పాపం” అని పక్కావిడతో అనడం వినబడింది. కొచ్కోర్ అంటే పొట్టేలు, మన మాటలో చెప్పుకోవాలంటే పొట్టేలయ్య. అవునన్నట్టు కుందుజ్ ఆవిడ వైపు చూసి కళ్ళు దించుకుంది.

రౌషన్ కళ్ళజోడు తీసి తాడుకి వదిలేసింది.

“మా నానమ్మ బావగారి పేరు తెమిర్,” అంది. గొంతులో పంతులమ్మ లేదు. “తెమిర్ అంటే ఇనుము. మా నానమ్మ బతికినంతకాలం ఇనుము అనలేదు. మేకుని ‘గుచ్చే గట్టిది’ అనేది, ఇస్త్రీపెట్టెని ‘కాలే గట్టిది’ అనేది. రైలుబండి కూడా ఇనుప దారిమీదే పోతుంది గదా, దాన్ని ‘పొడుగు గట్టిదానిమీద పోయేది’ అనేది. స్టేషన్లో టికెట్టు ఎలా కొనేదో ఆ దేవుడికే తెలియాలి.”

హాలు మళ్ళీ నవ్వింది. ఈసారి నవ్వు వేరు. కుందుజ్ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

“నిన్ను పొడుపుకథలన్నందుకు ఏమీ అనుకోకమ్మా. నీ మర్యాదలో తప్పు లేదు. కానీ వెతికే పెట్టెకి మర్యాదలు తెలియవు. అవతల ఎవరో ఇల్లు కట్టుకుని, నేలమీదకి మంచి తివాచీ కావాలని ఫోన్ తీస్తారు. ‘కొచ్కోర్’ అని కొడతారు, ‘పొట్టేలు కొమ్ము’ అని కొడతారు. ‘కుమ్మేవారు’ అని ఈ భూమ్మీద ఎవరూ కొట్టరు. నీ సరుకు కొట్లోనే ఉంది, తలుపు మీద మాత్రం పేరు లేదు. అంతే నీ జబ్బు.” కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని అంది: “టీ తాగొచ్చాక మళ్ళీ పైకి రా. ఏ ఊరు, ఏ నగిషీ, ఎవరి చేతులు, ఈ మూడు ముక్కలూ నీ నోటితో చెప్పు. చెప్పావంటే మధ్యాహ్నం చోటు నీది. చెప్పలేకపోతే నిన్నెవరూ ఏమీ అనరు, నేను అననివ్వను. అప్పుడది తేనె ఆయనకి ఇస్తా.”

టీ దగ్గర మెదెర్ ఆమె చేతిలో పియాలా పెట్టాడు. “చూడు చెల్లెమ్మా, నా స్వార్థం నేను చెప్పాలిగా. నోరు మూసుకుని కూర్చో. చోటు నాకొస్తుంది.”

“నిజంగానా అన్నా?”

“నిజంగా అయితే ఇలా ఎందుకు చెప్తాను, వెర్రిదానా! నీ ప్రశ్నకి జవాబు దొరికింది. అది తీసుకుని ఏం చేస్తావో అదీ సదస్సంటే. పో, ఇంటికి ఫోన్ చెయ్యి.”

కిటికీ దగ్గరికి వెళ్ళి కుందుజ్ ఫోన్ చేసింది. అవతల ఉన్ని ఉడుకుతున్న చప్పుడు, ఆడవాళ్ళ మాటలు, వాటన్నిటిమీదా ఉల్కాన్ గొంతు.

“ఏమిటే, అందరి ముందూ ఏడ్చావా?”

“మీకెలా తెలుసు అత్తయ్యా?”

“ముక్కుతో మాట్లాడుతున్నావ్. చెప్పు.”

జరిగినదంతా చెప్పింది. దొంగ సరుకన్న మాట దగ్గర ఉల్కాన్ “ఎవడు వాడు?” అని ఒక్క అరుపు అరిచింది. అంతకుమించి అడ్డు రాలేదు. చివరికి కుందుజ్ అసలు మాటకి వచ్చింది.

“అత్తయ్యా, మీరు వద్దంటే చెప్పను. వచ్చే బస్సుకి వచ్చేస్తాను. కానీ నాకు అనుమతి ఇవ్వగలిగింది మీరొక్కరే.”

ఉల్కాన్ కడాయిలో ఉన్నిని ఒకసారి తిప్పిన చప్పుడు వినబడింది.

“నన్నడుగుతావేమే,” అంది ఉల్కాన్ చివరికి. “నేను మాత్రం ఏనాడన్నాను? పెళ్ళయిన రోజునుంచీ ‘ఏమయ్యా’ అన్నాను, ‘మా ఇంటాయన’ అన్నాను, కోపమొస్తే ‘ఓయ్’ అన్నాను. ఆసుపత్రిలో పేరడిగితే మీ ఆయన్ని ముందుకి తోశాను, వాడు చెప్పాడు. సమాధి రాయి మీద చెక్కించేటప్పుడు కూడా వాడే చెప్పాడు. నా నోటిమీదకి ఆ పేరు రానే లేదు.”

“అయితే వద్దంటారా?”

“నేనలా అన్నానా? ఉండు.”

ఆవిడ గదిలోని ఆడవాళ్ళను కేకేసింది. “అమ్మాయిలూ, ఒక్క నిమిషం ఆపండి చేతులు.” చప్పుళ్ళు అణిగాయి. గొంతు సవరించుకున్న శబ్దం వినబడింది. తర్వాత, కొత్తగా చదవడం నేర్చిన పిల్ల కూడబలుక్కుని చదివినట్టుగా:

“కొచ్… కోర్… బాయ్.”

కిటికీ అవతల చెట్ల పైన మంచు కొండలు తెల్లగా మెరుస్తున్నాయి. కుందుజ్ ఫోన్‌ని చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది.

“కొచ్కోర్‌బాయ్,” అంది ఉల్కాన్ మళ్ళీ, ఈసారి గట్టిగా. “విన్నావా? ఏమీ కాలేదు. ఉన్ని ఉడుకుతూనే ఉంది. ఆయన ఉండుంటే ‘ఏం ఉల్కాన్, ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా’ అని మీసం దువ్వేవాడు. వెళ్ళి చెప్పు. నా పేరు కూడా చెప్పు, లేకపోతే కోతా కుట్టూ అంతా ఆయనే చేశాడనుకుంటారు. ఒక్క సూది దారం ఎక్కించింది లేదు ఆ మనిషి.”

కుందుజ్ నవ్వూ ఏడుపూ కలిసి “అలాగే అత్తయ్యా” అంది.

“ఈ పేరు మనింటి మనిషి నోట ఇంత గట్టిగా వినబడి ఎన్నాళ్ళయిందో,” అంది ఉల్కాన్ తనలో తాను అనుకుంటున్నట్టు.

“అంతకుముందు ఎవరనేవారు అత్తయ్యా?”



“కడాయి పొంగుతోందే,” అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

టీ అయ్యాక హాలు మళ్ళీ నిండింది. అంతకుముందు లేనివాళ్ళు కూడా వచ్చి గోడల వెంట నిలబడ్డారు. కథ అప్పటికే టీ పియాలాలతోపాటు చేతులు మారిపోయింది మరి. కుందుజ్ మైకు దగ్గరికి వచ్చింది గాని వెంటనే మాట్లాడలేదు. రెండు చేతులూ మోకాళ్ళమీద ఆన్చి, కొత్త కోడలు గడపలో మామగారికి వంగినట్టు, నిండా వంగి లేచింది. ముందు వరసలోని పెద్దావిడలు అలవాటుకొద్దీ “బతుకు తల్లీ” అనేశారు. అని, తమకు కాదని గుర్తొచ్చి నవ్వుకున్నారు.

“మాది కొచ్కోర్,” అంది కుందుజ్.

ఆ మాట బయటికి వచ్చేసింది. రెండోది రావడం తేలికైంది.

“ఈ నగిషీ కొచ్కోర్ ముయూజ్. పొట్టేలు కొమ్ము. ఎర్ర ఉన్నీ గోధుమ ఉన్నీ ఒకదానిమీద ఒకటి పరిచి ఒకే కోత కోస్తాం. కోసిన కొమ్ములు అటువి ఇటు, ఇటువి అటు కుడతాం. అందుకని తివాచీ ఎప్పుడూ ఒక్కటిగా పుట్టదు, జంటగా పుడుతుంది. ఒకదానిలో ఎరుపున్న చోట రెండోదానిలో గోధుమ ఉంటుంది. కత్తి ఎక్కడైనా జారితే ఆ తప్పు కూడా రెండింటిలోనూ ఉంటుంది. ఇవి కోసిన చేతులు మా అత్తగారు ఉల్కాన్‌వి. మా మామగారి పేరు కొచ్కోర్‌బాయ్. ఈ మాట ఎందుకు రాయలేదని అడిగారు. ఇవాళ్టినుంచి రాస్తాను.”

ముందుగా చప్పట్లు మొదలెట్టింది మెదెర్, చేతిలో బోర్సోక్ ఉన్న సంగతి మరిచిపోయి. తర్వాత హాలంతా. గోధుమరంగు కోటాయన వెనకనుంచి నడుచుకుంటూ ముందుకొచ్చి, గుండెమీద చెయ్యి పెట్టుకుని, “తప్పుగా అన్నాను చెల్లీ, మీ అత్తగారికి చెప్పు” అన్నాడు. “ఎవడు వాడు అని అడిగింది అన్నా, చెప్తాను” అంది కుందుజ్. పక్కనున్నవాళ్ళు గొల్లుమన్నారు.

“మధ్యాహ్నం చోటు నీదే,” అంది రౌషన్. “ఇదంతా అక్కడ ఇలాగే చెప్పు, ఒక్క ముక్క మార్చకు. జంటల సంగతి మాత్రం మరిచిపోకు. ఒకటి కొన్నవాడు రెండోది ఎక్కడుందా అని జీవితాంతం వెతుకుతాడు. ఈలోగా ఒక పని చెయ్యి. ఆ మాట నువ్వే ఫోన్లో కొట్టి చూడు. అక్కడ ఇంకా ఎవరెవరున్నారో తెలుసుకో. ఇన్నాళ్ళూ ఎప్పుడైనా వెతికావా?”

లేదు. ఎలా వెతుకుతుంది? నోటితో అనని మాటని వేలితో మాత్రం ఎలా అంటుంది?

కుందుజ్ వచ్చి ముందు వరసలోనే కూర్చుంది. స్తంభం వైపు చూడనైనా చూడలేదు. ఫోన్ తీసి, అక్షరం వెంట అక్షరం, మొదటిసారి ఆ మాట రాసింది. కొచ్కోర్. దాని పక్కన తివాచీ.

తెర నిండిపోయింది. సంత ఫొటోలు, గుర్రాలు, హోటలు బోర్డులు, బజారు తివాచీలు. వేలితో పైకి తోస్తూ పోయింది. ఇన్నాళ్ళూ తనుండవలసిన చోటు ఇదన్నమాట. ఇంత పెద్ద వీధి ఉందని తెలియక వెనక సందులో నిలబడి అమ్ముకుంటున్నానన్నమాట అనుకుంది.

వేలు ఆగిపోయింది.

గోధుమ నేలమీద ఎర్ర కొమ్ములున్న పాత షిర్దాక్. నడిమి వరసలో ఒక కొమ్ము మిగతావాటికంటే పొట్టిగా, చివర వంకీ తిరక్కుండానే తెగిపోయి ఉంది.

ఆ కొమ్ము కుందుజ్‌కి తెలుసు. ఇంట్లో అత్తగారు కూర్చునే చోట పరిచిన తివాచీలో, ఎర్ర నేలమీద గోధుమ రంగులో, అచ్చం ఆ చోటే, అచ్చం అలాగే తెగిన కొమ్ము ఉంది. కాపురానికి వచ్చిన కొత్తలో “దీని జంట ఏది అత్తయ్యా?” అని అడిగింది. “దూరం పోయింది” అని ఉల్కాన్ లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ ఆ ప్రశ్న అడగనివ్వలేదు.

ఫొటో మీద పేజీ పేరు చూసింది. ‘కొచ్కోర్‌బాయ్ కూతురు.’

మామగారికి కూతురెక్కడిది? ఉల్కాన్‌కి ఒక్కడే కొడుకని ఊరంతా అంటుంది. ఆమె భర్త కూడా అదే అన్నాడు. పేజీ తెరిచింది. అన్నిటికంటే పైన ఇప్పుడే పెట్టిన ఫొటో ఒకటి ఉంది. వెనక వరసలోంచి, ముందున్నవాళ్ళ తలల మీదుగా తీసినట్టుంది. అందులో వేదికా, మైకూ, మోకాళ్ళమీద చేతులు ఆన్చి నిండా వంగిన ఒక కోడలూ ఉన్నారు.

కింద రెండు వాక్యాలే ఉన్నాయి.

“మా నాన్న పేరు ఇన్నాళ్ళకి గట్టిగా విన్నాను. మా అమ్మ కోడలి నోట.”

కుందుజ్ కుర్చీలోంచి లేచి, మెల్లగా, హాలు వెనక వైపుకి తిరిగింది.